పక్క సీట్లో ఈయన

జూన్ 9, సోమవారం

కారు లేదు. స్కూల్ ఆఫీసు నుంచి వచ్చేసరికి గేటు పక్కన జాగా ఖాళీగా ఉండాది. నేల మీద ఆయిల్ మరక ఒక్కటే మిగిలింది. దొంగలు పట్టుకుపోయినారేమో అని గాబరాగా లోపలికి పోతే ఈయన కాఫీ తాగుతా ఉండాడు. అమ్మేసినాలే అన్నాడు. టీవీ సౌండ్ కూడా తగ్గించలేదు.

పదమూడేండ్ల కారు. నాతో ఒక్క మాట అనలేదు.

మే 27న జాలహళ్ళి క్రాస్ సిగ్నల్‌లో ఈయనకు ఫిట్స్ వచ్చినాయి. బండి నిలబడి ఉన్నప్పుడు వచ్చినాయి కాబట్టి సరిపోయింది. బ్రేక్ మీద కాలు జారి ముందున్న ఆటోకు మెల్లగా తగిలింది. ఎవరికీ ఏమీ కాలేదు. డాక్టర్ మాత్రలు రాసిచ్చి, ఏడాది పాటు మళ్ళీ రాకపోతే అప్పుడు చూద్దాం, అంతవరకు స్టీరింగ్ ముట్టుకోవద్దు మంజునాథ్ అన్నాడు. ఈయన తలూపినాడు. సరే. ముట్టుకోవద్దంటే అమ్మేయమనా? అడిగితే, ఈ ఊర్లో కారెందుకు, మెట్రో ఉండాది కదా అంటాడు. మా యలహంకకు మెట్రో ఇంకా రానే లేదు.

జూన్ 12

పీణ్యలో పనికి రెండు బస్సులు మారి పోతా ఉండాడు. ఫోన్ మోగితే చాలు, చేతిలో పని వదిలేసి పరిగెత్తుతా.

జూన్ 14, శనివారం

ఈ రోజు మోచెయ్యి గీరుకొని వచ్చినాడు. బస్సులో రాడ్ తగిలిందట. నిజమో కాదో తెలీదు. బస్సులో పడిపోతే పట్టుకునేదెవరు? క్యాబ్ బుక్ చేస్తే పీణ్య పేరు చూసి క్యాన్సిల్ చేస్తారు.

అన్నాలు తినేటప్పుడు చెప్పేసినా. నేను కారు నేర్చుకుంటా, ఒకటి కొందాం, పొద్దున్నే మీ మెషిన్ షాప్ దగ్గర దింపి నా ఆఫీసుకు వచ్చేస్తా అని. నాకు నలభై తొమ్మిది. స్కూటీ తప్ప ఏదీ తోలింది లేదు. ఈయన ప్లేటులోనే చెయ్యి కడుక్కొని లేచిపోయినాడు. ఇరవై రెండేండ్లుగా సూపర్‌వైజర్. పెండ్లాం తెచ్చి గేటు దగ్గర దింపితే ఏమనుకుంటారో అని ఉంటుంది. ఇది నేను అనుకునేది. 

మా అత్త లక్ష్మమ్మ మాత్రం, ఏ కారు కొన్నా నేను ఎక్కనప్పా అనింది. ఎక్కమని ఎవరూ అడగలేదు. ఉగాది నుంచీ ఈమె కారెక్కడం లేదు. తల తిరుగుతుందట.

జూన్ 15, ఆదివారం

తమ్ముడు సురేశ్ మారతహళ్ళి నుంచి వచ్చినాడు. ల్యాప్‌టాప్ కూడా తెచ్చినాడు. అక్కా, ఆటోమేటిక్ తప్ప ఇంకోటి వద్దు, ఈ ట్రాఫిక్‌లో క్లచ్ తొక్కి తొక్కి మోకాలు పోతుంది అన్నాడు. సెకండ్ హ్యాండ్ అయితే వేరే స్టేట్ నంబర్ వద్దు, మళ్ళీ ఇక్కడ ట్యాక్స్ కట్టాల, ఎన్ఓసీ కోసం తిరగాల. అన్నిటికన్నా ముఖ్యం, నీళ్ళలో మునిగిన కారేమో చూసుకోవాల. వాళ్ళ అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో వాన నీళ్ళు నిండినప్పుడు మునిగిన కార్లన్నీ కడిగి, సెంటు కొట్టి మళ్ళీ అమ్మేసినారట. సీట్ బెల్ట్ చివరిదాకా లాగి చూడు, బురద గీత కనపడుతుంది అన్నాడు. అంతా రాసుకున్నా.

సురేశ్ పోయినాక ఎదురింటి లక్ష్మీనారాయణన్న వచ్చినాడు. ముప్పై ఏండ్లు బస్సు తోలి రిటైర్ అయినాడు. గేర్లు లేని బండి బండేనా, అది బొమ్మ అన్నాడు. కొత్తగా నేర్చేవాళ్ళు కొత్త కారు కొనకూడదు, పాతది కొని గీతలు పడనీయాల. సురేశ్ కొత్తది కొను, వారంటీ ఉంటుంది అని చెప్పిపోయినాడు. చిన్న కారు అయితే సందుల్లో దూరుతుంది. పెద్దది అయితే అందరూ దారి ఇస్తారు. ఈ రెండూ లక్ష్మీనారాయణన్నే చెప్పినాడు.

ఈయన అన్నీ వింటా పేపర్ చదువుతా ఉండాడు. ఒకే పేజీ.

జూన్ 24, మంగళవారం

ఎల్ఎల్ వచ్చింది, నేర్చుకునేవాళ్ళకిచ్చే లైసెన్స్. పొద్దున ఆరున్నరకు క్లాసు. నేర్పించేది చాందిని అని, ముప్పై ఉంటాయేమో, చూయింగ్ గమ్ నములుతా ఉంటుంది. నన్ను ఆంటీ అనదు, మేడమ్ అనదు. అలివేలు గారూ అంటుంది. బాగుంది.

ఆమె చెప్పినవి: ఆటోవాడి ముఖం చూడొద్దు, ఇండికేటర్ అసలే చూడొద్దు, ముందు చక్రం ఎటు తిరుగుతా ఉందో చూడాల. ఎడమ పక్క నుంచి స్కూటర్ వస్తుంది. రాకపోయినా వస్తుందనే అనుకోవాల. బస్సుతో పంతం పెట్టుకోవద్దు. వెనక హారన్ కొడితే కొట్టనీ, అది నీ గురించి కాదు.

చివరిది నాకు ఇంకా అర్థం కాలేదు. నా వెనకే కదా కొట్టేది.

జూలై 6, ఆదివారం

జక్కూరు పక్కన ఒక సెకండ్ హ్యాండ్ కార్ల యార్డుకు పోయినాం. ఈయన వస్తాడనుకోలేదు. షర్ట్ ఇన్ చేసుకొని వచ్చినాడు. తెల్ల కారు ఒకటి భలే మెరుస్తా ఉండింది. నేను సీట్ బెల్ట్ చివరిదాకా లాగినా. కింద జానెడు పొడుగు మట్టి రంగు గీత. సేల్స్ అబ్బాయి, పిల్లలు చాక్లెట్ పూసినారు మేడమ్ అన్నాడు. ఈయన నవ్వినాడు. మే నెల తర్వాత ఈయన నవ్వడం ఇదే మొదలు.

జూలై 13, ఆదివారం, మధ్యాహ్నం 3

ఎక్కడ మొదలుపెట్టాలో తెలీడం లేదు.

ఇంకో యార్డు. బూడిద రంగు కారు, ఆటోమేటిక్, ఒకే ఓనర్, ఇక్కడి కేఏ నంబరే. బెల్ట్ లాగినా, కార్పెట్ ఎత్తి చూసినా, ఏసీ వేసి వాసన చూసినా. అన్నీ బాగుండాయి. టెస్ట్ డ్రైవ్ సురేశ్ చెయ్యాల. వాడు కేఆర్ పురం దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాడు. సేల్స్ ఆయన కాసేపు చూసి, రండి సార్ అని కీ ఈయన చేతిలో పెట్టినాడు. నా ముఖం కూడా చూడలేదు.

ఈయన తీసుకున్నాడు.

నేను పక్క సీట్లో కూర్చున్నా. సేల్స్ ఆయన వెనక. బెల్ట్ పెట్టుకున్నా. వద్దు అని ఒక్క మాట నోట్లో ఉండాది. బయటికి రాలేదు. ఎందుకు రాలేదు? సేల్స్ ఆయన ముందర ఈయనకు జబ్బు అని చెప్పాలనా? ఈయన ముఖం అట్లా వెలిగిపోతా ఉంటే చూడలేకనా? ఇప్పుడు కూర్చొని రాస్తా ఉన్నా కూడా తెలీడం లేదు.

సర్వీస్ రోడ్డు నుంచి ఎయిర్‌పోర్ట్ రోడ్డు ఎక్కినాం. ఎంత బాగా తోలినాడో. తోలుతా నాకు చెప్తా ఉండాడు. చూడు అలివేలూ, ఇట్లా మెయిన్ రోడ్డులోకి పోయేటప్పుడు భయపడి నిలబడిపోకూడదు, నిలబడితేనే వెనకవాడు గుద్దేది. అద్దంలో ఒకసారి, భుజం మీంచి ఒకసారి, అంతే. ఈ పది నిమిషాల్లో నేర్చుకున్నంత నేను మూడు వారాల్లో నేర్చుకోలేదు. మధ్యలో నేను కూడా నవ్వినా. అది రాయడానికే సిగ్గుగా ఉండాది.

పక్కనే ఒక స్కూటర్ మీద మొగుడూ పెండ్లాం, మధ్యలో నిద్రపోతున్న బిడ్డ. వాళ్ళను చూసినాక నా చెయ్యి హ్యాండ్ బ్రేక్ మీద పెట్టినా. తిరిగొచ్చేదాకా తియ్యలేదు. ఈయన చూసినాడు. 

ఏమీ కాలేదు. అదే సమస్య.

జూలై 15

ఎవరికీ చెప్పలేదు. సురేశ్ ఫోన్ చేసి మైలేజ్ గురించి మాట్లాడినాడు.

జూలై 19, శనివారం

ఈయనకు ఆ బూడిద కారే కావాలట. మొన్నటిదాకా కారే వద్దన్న మనిషి. ఇంజిన్ సౌండ్ బాగుండాది, స్టీరింగ్ లైట్‌గా ఉండాది అంటాడు. నేను తోలడానికి కొంటా ఉన్నామా, ఈయన తోలడానికా? కొంటే కీ ఇంట్లో ఉంటుంది. నేను ఆఫీసులో ఉంటా. కొనకపోతే బస్సు.

ఆటోమేటిక్కా మాన్యువలా, కొత్తదా పాతదా, తెలుపా బూడిదా అని వీధి వీధంతా చెప్పింది. ఈ ఒక్కటి ఎవరినడగాలో తెలీదు.

జూలై 21, సోమవారం

చాందినిని అడిగినా. ఎంఎస్ పాళ్య రోడ్డు పక్కన కారు ఆపించి అంతా విన్నది. గమ్ నమలడం ఆపింది. తర్వాత, అలివేలు గారూ, మీరు ముందు లైసెన్స్ తెచ్చుకోండి అనింది. కారు కొన్న రోజు యార్డు నుంచి ఇంటికి మీరే తోలుకొని రావాల, మొదటి రోజు ఆ సీట్లో ఎవరు కూర్చుంటే అది వాళ్ళ సీటు అయిపోతుంది. దాని తర్వాత, ఇది మాత్రం డ్రైవింగ్ స్కూల్‌లో నేర్పించం, ఇంట్లో మాట్లాడాల అనింది.

ఇంట్లో ఏం మాట్లాడాల. వారం అయింది, ఇద్దరం ఆ పది నిమిషాలు జరగనట్టే ఉండాం.

ఆగస్టు 4, సోమవారం

ఫెయిల్. ఎత్తు మీద ఆపి మళ్ళీ ఎక్కించమన్నాడు ఇన్‌స్పెక్టర్. బండి వెనక్కి జారింది. ఆఫ్ అయింది. వారం తర్వాత రమ్మన్నాడు.

సాయంత్రం 6

ఈయన లీవు పెట్టి నాతో వచ్చినాడు. ఆర్‌టీఓ ఆఫీసు షెడ్డు కింద బెంచీ మీద కూర్చొని అంతా చూసినాడు. తిరిగి ఆటోలో వస్తా ఉంటే చెప్పినాడు. ఆటో సౌండ్‌లో సగం మాటలు వినపడలేదు, రెండుసార్లు అడిగి చెప్పించుకున్నా.

మే 27 మొదటిసారి కాదు.

ఉగాది అయిన మరుసటి రోజు, వాళ్ళమ్మను కంటి ఆసుపత్రి నుంచి తెస్తా ఉండాడు. హెబ్బాళ్ ఫ్లైఓవర్ మీద కొన్ని సెకండ్లు ఏమీ లేదట. చీకటి కూడా కాదు, ఏమీ లేదు. తెలివి వచ్చి చూస్తే, పక్క సీట్లో ఉన్న అమ్మ ఒంగి రెండు చేతుల్తో స్టీరింగ్ పట్టుకొని ఉండాదట. డెబ్బై ఎనిమిదేండ్ల మనిషి. ఎట్లనో సైడుకు ఆపినాడు. అలివేలుకు చెప్పొద్దని ఆమె దగ్గర ఒట్టు వేయించుకున్నాడు. ఆమె చెప్పలేదు. కారెక్కడం మానేసింది, అంతే.

అందుకే అమ్మేసినా అన్నాడు. కారు ఇంట్లో ఉంటే నేను తోలుతా, నా గురించి నాకు తెలుసు అన్నాడు.

మరి ఆ రోజు యార్డులో ఎందుకు తీసుకున్నావు కీ అని అడిగినా.  చెయ్యి ముందు పోయింది, నేను వెనక పోయినా అన్నాడు. మళ్ళీ ఆయనే, నువ్వు ఆపుతావేమో అని చూసినా అన్నాడు.

నువ్వే ఆగుతావేమో అని నేను చూసినా. ఇది నేను పైకి అనలేదు. ఆటోవాడు రోడ్డు మధ్యలో ఆపి ఎవరితోనో మాట్లాడుతా ఉండాడు. మేమిద్దరం ఎదురుగా ఉన్న రాడ్ పట్టుకొని కూర్చున్నాం.

ఆగస్టు 5

అత్తకు కాఫీ ఇచ్చి, నాకు తెలిసిపోయింది అని చెప్పినా. ఆమె చెయ్యి పట్టుకొని చూసినా. చిన్న చేతులు. కాఫీలో చక్కెర తక్కువ అనింది.

ఆగస్టు 12, మంగళవారం

పాస్.

ఆగస్టు 24, ఆదివారం

బూడిద కారే కొన్నాం. లక్ష్మీనారాయణన్న బొమ్మ అంటే అననీ. గేర్ల బండి కొంటే పీణ్య దారిలో గంగమ్మ సర్కిల్‌లో క్లచ్ తొక్కాల్సింది ఆయన కాదు, నేను. యార్డు నుంచి నేనే తోలుకొచ్చినా. సేల్స్ ఆయన మళ్ళీ కీ ఈయనకే చాచినాడు. ఈయన రెండు చేతులూ ప్యాంట్ జేబుల్లో పెట్టుకొని, ఆమెకియ్యప్పా, నాకు ఫిట్స్ వస్తాయి అన్నాడు. బయటివాళ్ళకు చెప్పడం ఇదే మొదటిసారి. సేల్స్ ఆయన, ఓకే సార్, కంగ్రాట్స్ అన్నాడు.

రెండో కీ ఈయనే తీసుకుపోయి వాళ్ళమ్మకిచ్చినాడు. తాను అడిగినా ఇవ్వొద్దు అని చెప్పినాడు. ఆమె ఎక్కడ పెట్టిందో నాకు కూడా తెలీదు.

సెప్టెంబర్ 1, సోమవారం

పీణ్య. గంటా పది నిమిషాలు పట్టింది. ఈయన కిటికీ పైన హ్యాండిల్ పట్టుకొనే కూర్చున్నాడు. జాలహళ్ళి క్రాస్ సిగ్నల్‌లో ముందున్న ఆటోకు బారెడు దూరంలో ఆపినా.

షాప్ వీధి మలుపులో టీ బండి దగ్గర, ఇక్కడ ఆపు, నడిచి పోతా అన్నాడు. ఆపినా. దిగలేదు. వెనక లారీ హారన్ కొడతా ఉంది. టీ బండి వైపు చూసి, గేటు దాకా పో అన్నాడు.

గేటు దగ్గర షిఫ్ట్ జనం నిలబడి చూసినారు. ఒక ఆపరేటర్ దగ్గరికొచ్చి, డ్రైవర్ని పెట్టుకున్నారా సార్ అని నవ్వినాడు. మా ఇంటామె, నాకంటే నిదానంగా తోలుతుంది అన్నాడు ఈయన. టిఫిన్ క్యారియర్ తీసుకొని లోపలికి పోయినాడు. తిరిగి చూడలేదు. పొగిడినాడా, ఎగతాళి చేసినాడా, దారంతా ఆలోచించినా.

సెప్టెంబర్ 11, గురువారం

గంగమ్మ సర్కిల్ సిగ్నల్. పక్కకు చూస్తే ఈయన తల అద్దానికి వాలి ఉండాది. కళ్ళు మూతలు పడి ఉండాయి. ఇన్నేండ్లలో కారులో ఈయన నిద్రపోవడం చూడలేదు. నిద్రో, ఫిట్సో తెలీలేదు. మంజునాథా అని పిలిచినా. పెండ్లి అయినప్పటి నుంచి పేరు పెట్టి పిలిచింది లేదు.

ఒక కన్ను తెరిచి, గ్రీన్ పడింది, పో అన్నాడు.