ఊరొకటే, ఎయిర్‌పోర్టులు రెండు

చిరంజీవి తమ్ముడికి అక్క దీవెనలు. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. మీ ముగ్గురూ బాగుండే ఉంటారు, నువ్వు ఆ ముక్క రాయకపోయినా.

ఫోనెత్తడం మానేశావు, సరే. నాలుగు ముక్కలైనా రాశావు, అదే పదివేలు. పాప జ్వరం గురించి అడిగితే "తగ్గింది" అని ఒక్క మాట. మళ్లీ ఆడుకుంటోందో లేదో రాస్తే నీ సొమ్మేం పోయిందిరా? బావ కాలు నయమైందా అని అడిగావు. నయమైంది, నడుస్తున్నాడు, నామీద అరుస్తున్నాడు కూడా.

మా షాపు యజమానురాలిని మాత్రం ఇక తిట్టకు. తల్లి చావుబతుకుల్లో ఉంటే కుట్టుమిషను దగ్గర్నుంచి లేవనివ్వని రాక్షసి అని రాశావు. చదువుతుంటే నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రోజు ఆవిడే షాపు మూసేసి, తన కారులో నన్ను ఎయిర్‌పోర్టులో దింపింది.

అవునురా, బయల్దేరాను. పెట్టె పట్టుకుని కౌంటరు దాకా వెళ్లాను.

అక్కడి అమ్మాయి నువ్వు పంపిన రెండు టికెట్లూ మళ్లీ మళ్లీ చూసింది. "మధ్యలో విమానం మారే ఊళ్లో రెండు ఎయిర్‌పోర్టులున్నాయండీ. మీరు దిగేది ఒకదాంట్లో, ఎక్కేది ఇంకోదాంట్లో. బయటికొచ్చి బస్సెక్కాలి. బయటికి రావాలంటే ట్రాన్సిట్ వీసా ఉండాలి" అంది. "నేను ఆ ఊరు చూడ్డానికి పోవట్లేదమ్మా, మా అమ్మని చూడ్డానికి పోతున్నా" అని కాళ్లావేళ్లా పడ్డాను. ఆ పిల్లా కళ్లనీళ్లు పెట్టుకుంది గానీ ఎక్కనివ్వలేదు. ఆ వీసాకి వారం పడుతుందట. ఇంకో దారిలో టికెట్ మర్నాటికి గానీ లేదు. అమ్మ అప్పటిదాకా ఆగలేదు.

నీకు చెప్పకూడదనే అనుకున్నాను. కానీ "నీకు కొన్న దారిలోనే అక్కడున్న పిన్నికీ టికెట్ కొన్నాను, ఆవిడెలా వస్తుందో చూడు" అని ఎత్తిపొడిచావు. పిన్నికి ఫోన్ చేస్తే "వాడు చూసే కొనుంటాడులే" అంది. ఒరేయ్, వెంటనే మార్చు. దిగేదీ ఎక్కేదీ ఒకే ఎయిర్‌పోర్టులో ఉండాలి. అప్పుడైనా వీసా కావాలో వద్దో కనుక్కో, ఒక్కో దేశానికి ఒక్కో రూలట.

ఇన్నాళ్లూ ఎందుకు దాచానంటావు. కౌంటరు దగ్గర్నుంచే ఆస్పత్రికి ఫోన్ చేశాను. నువ్వు అమ్మ చెవి దగ్గర ఫోన్ పెట్టి మందులకి వెళ్లావు. అమ్మతో అబద్ధమాడలేక ఉన్నదున్నట్టు చెప్పి, వలవలా ఏడ్చాను.

అంతా విని అమ్మ అంది: "వాడితో అనకే. కంగారులో కొన్నాడు పిచ్చి సన్నాసి. సెలవివ్వలేదని చెప్పు. నీమీద కోపమైతే ఎప్పటికో అప్పటికి పోతుంది. వాడిమీద వాడికే కోపమొస్తే పోదు."

సరేనన్నాను. ఆ మాట ఇవాళ తప్పాను, పిన్ని కోసం. ఇంట్లో అందరూ తలో మాట అన్నా పడ్డాను గానీ, నువ్వు "పరాయివాళ్లు నయం" అన్నప్పుడు మాత్రం గుండె చెరువైందిరా. అయినా సరే, కోపం కావాలంటే ఇంకొన్నాళ్లు నామీదే ఉంచుకో, నీమీదికి మళ్లించుకోకు నాన్నా. ఆ నాలుగు మాటలు చెప్పడానికి అమ్మకి ఊపిరి చాల్లేదు. ఆగి ఆగి చెప్పింది. నేను విన్నాను.

ఇట్లు,
నీకు ఇంకా అక్కనే