అవతలి వంటిల్లు

కంకిపాడు

ఆర్కిటెక్ట్ రాగిణి గారికి,

నమస్కారమండీ. ఫ్రిజ్ పట్టేలా మీరు గీసిచ్చినట్టే ఈ పొద్దున వంటింటి పడమటి గోడ కొట్టించాం. దాని వెనక మా బావగారి పోర్షన్‌కి వేరే గోడ ఉంటుందనే అందరం అనుకున్నాం కదా. అటువైపు కూడా కొలుస్తానని మీరంటే, మాటల్లేని ఇంటికి వెళ్లొద్దని ఆపింది మావారే.

దుమ్ము తగ్గాక చూద్దును కదా, ఎదురుగా గరిటె పట్టుకుని మా తోడికోడలు రాజ్యలక్ష్మి అక్కయ్య! పంపకాలప్పుడు మామయ్యగారు మధ్యలో ఒక్క గోడే లేపారట. ఇన్నేళ్లూ రెండున్నాయనుకుని బతికాం. మావారు కొయ్యబారిపోయారు.

అక్కయ్యే పులుసు మీద మూతపెట్టి, "ఏమయ్యా, కళ్లల్లో దుమ్ము పడిందా?" అంది. ఆయన తలూపారు. దుమ్మేం పడలేదండీ, ఆయన నా వెనకాల నిలబడ్డారు.

సాయంత్రంలోగా ఇటుకలు పేర్చి మూసేస్తానని మేస్త్రి తొందరపడుతున్నాడు. దయచేసి ఈ మెసేజ్ చూడగానే మీరు ఫోన్ చేసి ఆపండి. రేపు కొలతలకి రండి. ఈసారి మాత్రం అక్కయ్య వాళ్ల గుమ్మంలోంచి రండి, మేమూ అక్కడే ఉంటాం.