స్కూటరు మీద టాటానగర్ దాకా

సోనారి, మంగళవారం రాత్రి, 1984

ఈ రోజు అత్తను స్కూటరు మీద ఎక్కించుకుని టాటానగర్ స్టేషన్ దాకా నడిపాను!

ఆటోలు బంద్. రిక్షాలో వెళితే రైలు వేళకు చేరలేం. అత్త చెల్లెలు పలాస నుంచి ఒక్కతే వస్తోంది, హిందీ ముక్క రాదు. ఆయన బస్సులో డ్యూటీకి వెళ్లారు, స్కూటరు ఇంట్లోనే ఉంది. ఏరోడ్రోమ్ పక్క ఖాళీ రోడ్డు మీద నేర్పించారు గాని, ఊళ్లోకి ఎప్పుడూ తీయనివ్వలేదు.

"నేను తీసుకెళ్తానత్తా" అన్నాను.

"నీకేటి మతిపోయిందేటే? పడిపోతే ఏటి సేత్తాం?" అంటూనే ఎక్కి కూర్చుంది.

బిష్టుపూర్ గోల్ చక్కర్ కూడలి దగ్గర బండి ఆగిపోయింది. వెనక లారీ హారన్. "దేఖ్‌కే చలో, దీదీ!" చూసి నడపమని ఒక రిక్షావాడు అరిచాడు. రెండు కిక్కులకు మళ్లీ స్టార్టయింది.

పెళ్లయి వచ్చినప్పటి నుంచీ ఈ ఊరంటే విసుగే. ఫ్యాక్టరీ సైరన్ మోగితే లేవడం, సైరన్ మోగితే వంట. ఇదే రోడ్డును ఆటోలో కూర్చుని ఎన్నిసార్లు చూశానో! అక్కడ వాలు ఉందని, మలుపులో గాలి మొహానికి కొడుతుందని ఈ రోజే తెలిసింది.

రైలు అప్పటికే వచ్చేసింది. పిన్నత్త సంచి ఒళ్లో పెట్టుకుని బిక్కుబిక్కుమంటూ కూర్చుంది. అత్త ఆమెను వాటేసుకుని, "మా కోడలు బండి తోలింది సూడే!" అంది. తిరుగు దారిలో చెల్లెల్ని రిక్షా ఎక్కించి, దాని పక్కనే మెల్లగా పోనిమ్మని తను మళ్లీ నా వెనకే ఎక్కింది.

ఆయన ఇంకా రాలేదు. కోప్పడతారేమో... అదే అత్తతో అన్నాను.

"ఆడికి నాను సెప్తాను గాని, రేపు పర్సుడీ బజారుకెల్దామేటి?" అంది.