తస్బీ ఏ చేతిలో ఉంటే

ఫిబ్రవరి 3, శనివారం

మా ఆయన షుక్రీకి ఒక చెవి పూర్తిగా పోయిందట. రెండోదీ వారాల్లో పోతుందట. డాక్టర్ మందు చీటీ కూడా రాయలేదు. ముప్పై ఎనిమిదేళ్లుగా కైరోలో స్పీకర్లు కొనేవాళ్లు ఈయన విని “ఊఁ” అంటేనే కొన్నారు. సంగతి బయటపడితే షాపు ఉండదు. ఈయనా ఉండడు.

ఫిబ్రవరి 4

ఇకనుంచి నా చెవులే తన చెవులట. నేను నాలుగో తరగతి దాటలేదయ్యా అంటే, వినడానికి బడెందుకే పిచ్చిదానా అన్నాడు. కస్టమర్ ఉన్నప్పుడు నేను మూల కుర్చీలో తస్బీ, అదే నా జపమాల, తిప్పుకుంటూ కూర్చోవాలి. కుడివైపు స్పీకర్ బాగుంటే తస్బీ కుడి చేతిలో. ఎడమది బాగుంటే ఎడమ చేతిలో. ఆయన చూసుకుని తీర్పు చెబుతాడు.

దొరికిపోతే?

ఫిబ్రవరి 6

మరిచిపోతానని రాసుకుంటున్నాను. ముందు రెండింటి వాల్యూమ్ సమానం చెయ్యాలి. గట్టిగా మోగేదే మంచిదనిపిస్తుంది, అది మోసం. బాగా తెలిసిన పాటే పెట్టాలి. పాటకత్తె గొంతెత్తే ముందు ఊపిరి పీలుస్తుంది, అది వినపడాలి. ఎక్కడ పీలుస్తుందో ఆయన రికార్డు మీద సూదిని చూసి వేలెత్తి చూపించాడు.

ఇన్నేళ్లు ఈ షాపులోనే టీ కాచాను. ఆ ఊపిరి ఇవాళే విన్నాను.

ఫిబ్రవరి 8

మొదటి కస్టమర్‌కి సరిగ్గా చెప్పాను! వేడివేడి కొషరీ అన్నం రెండు గిన్నెలు తెచ్చాడు. నా చెవులకి దిష్టి తీయించాలట.

ఫిబ్రవరి 11, సాయంత్రం అస్ర్ నమాజు తర్వాత

మదామ్ నెర్మీన్ వచ్చింది, సంగీతం టీచరు. ఆవిడ తమ్ముడు ఊరికే ఉండక ఎడమదాని వాల్యూమ్ పెంచాడు. నేను చూడలేదు. తస్బీ ఎడమ చేతిలోకి వెళ్లిపోయింది. కళ్లు మూసుకుని తీసుకెళ్లు తల్లీ, పూచీ నాది అన్నాడు షుక్రీ.



ఫిబ్రవరి 12

నెర్మీన్ స్పీకర్ తిరిగి తెచ్చేసింది. ఇది పాడుతోందా ఉస్తాద్, రేకు డబ్బా కొడుతోందా అంది, వీధంతా వినేలా. ముసలాయన చెవుల్లో మైనం పోసుకున్నట్టున్నాడు అన్నాడు పక్క షాపు గిర్గిస్. అందరూ నవ్వారు. షుక్రీ వాళ్ల మొహాలు చూసి, ఏదో జోకనుకుని తనూ నవ్వాడు.

ఫిబ్రవరి 13

తప్పు నాదని చెప్పాలి. రెండో చెవీ పోయినట్టే, చెప్పాలంటే అరవాలి. అరిస్తే వీధి వింటుంది.

ఫిబ్రవరి 20

వారంగా ఎవరూ రాలేదు. మధ్యాహ్నం తనే రికార్డు పెట్టి కూర్చున్నాడు. సూది ఊపిరి చోటికి రాగానే వేలెత్తాడు. ఏది బాగుందని నా చేతులకేసి చూశాడు.

దుమ్ము దులుపుతూ పొద్దున స్పీకర్ల తీగలు ఊడదీసింది నేనే. మళ్లీ పెట్టలేదు.

తస్బీ కుడి చేతిలోకి మార్చాను.