మోటారుకు నేనిచ్చిన సాక్ష్యం

జూన్ 3, మంగళవారం
అతుకు విడిచింది. మోటారు లోపల రాగి పట్టీల కొసలు లేజర్‌తో అతికించిన చోటే. పైకి ముత్యాల్లా మెరుపు, లోపల చీలిక... సున్నం కొట్టిన సమాధులు!
కాల్చి, చల్లార్చి, మళ్లీ కాల్చే ఈ పరీక్ష ముందే చేయాల్సింది. తొందరపడ్డం. ఈ మోటార్లు అప్పుడే కరెంటు ఆటోలకెక్కి రోడ్ల మీద తిరుగుతున్నయి.
పోయిన ఆదివారమే, నేను ప్రసంగం చెప్పే మందిరంలో లేచి సాక్ష్యం చెప్పిన — నా చేతుల మీదుగా పోయిన మోటారు, ప్రభువు కృప, నడిమిట్ల ఆగదు — అని. హల్లెలూయా అన్నరు. ఆటో నడిపే యాదన్నదే పెద్ద గొంతు.

జూన్ 4, బుధవారం
మేనేజర్ సుధా మేడంకు చూపించిన. "వచ్చే బ్యాచ్‌లో సరిచేద్దామండీ."
మరి రోడ్డు మీదున్నవి?
"పైవాళ్లు చూసుకుంటారు. ప్రసంగాలు ఆదివారం చెప్పుకోండి బ్రదర్. బయట మాట పొక్కకూడదని చేరినప్పుడు సంతకం పెట్టారు కదా!"
పెట్టిన. నా నోటికి నేనే తాళం.

జూన్ 5
ఇంకొకటి పరీక్షకు పెట్టిన. అదే చోట, అదే చీలిక.

జూన్ 6
బైబిలు తెరిస్తే — ఆపద చూసీ బూర ఊదని కావలివాడు. మూసిన. మళ్లీ తెరిచిన.

జూన్ 7, శనివారం
యాదన్న ఫోను. కొత్త ఆటో కొన్నడు. మా మోటారే.
"నీ మాట మీదనే తీసుకున్న అన్నా. రేపు నువ్వే ప్రార్థన చేసి నూనె రాయాలె. గురువారం బడి తెరిచిన సంది బడిపిల్లలు దీంట్లనే."
జర ఆగరాదూ, అని చెప్పిన.
"ఏందన్నా, ఎందుకు?"
ఊరికే... అనేసిన.
ఊరికే! ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఆగితే? వెనక టిప్పర్ ఉంటే?
నా భార్య స్వరూప అంతా విన్నది. "చెప్తే నీ నౌకరి పోతది. చెప్పకుంటే?" కంచంల అన్నం పెట్టి లోపలికి పోయింది.

జూన్ 8, ఆదివారం
ఆరాధన అయింది. మందిరం ముందట ఆటో, రంగు కాగితాలు. పిల్లలు అప్పుడే ఎక్కి కూసున్నరు. అందర్నీ కండ్లు మూసుకోమన్న. నూనె పట్టుకొని "తండ్రీ..." అన్న. అక్కడ్నే ఆపిన. నీళ్లు తాగొస్తనని లోపలికొచ్చి గడియ పెట్టుకొని ఇది రాస్తున్న.
బయట పాట ఎత్తుకున్నరు. యాదన్న తలుపు కొడుతున్నడు — "అన్నా, జల్ది రా. మోటారు సాక్ష్యం ఇంకోసారి చెప్పు. మా బామ్మర్ది గూడ వచ్చిండు, వింటే కొంటడట."