నీ పేరు లేని ఫార్ములా

ప్రియమైన శ్రీమతికి,

ఇక్కడ అమ్మ, పాప, నేను ముగ్గురం కులాసాగానే ఉన్నాము. అక్కడ నువ్వు కూడా వేళకింత తిని కంటినిండా నిద్రపోతున్నావని నమ్ముతున్నాను. రోజూ ఫోనులో మాట్లాడుకుంటూ మళ్లీ ఈ ఉత్తరమేమిటని నవ్వుకుంటావేమో. నీకు ఉత్తరాలంటే ఇష్టమన్నది ఒక కారణం. ఈ సంగతి ఫోనులో చెప్పబోతే నాకు నోరు పెగలదన్నది అసలు కారణం.

ముందు నువ్వడిగినవి. అమ్మ మోకాలు తేలికపడింది. మెట్లెక్కవద్దంటే మాత్రం వినడం లేదు. పాపకు ముందు పన్ను ఊడింది, అప్పటినుంచి అద్దం వదలడం లేదు. వంటింటి కుళాయి బాగు చేయించాను, ఇప్పుడు స్నానాలగదిది కారుతోంది. నువ్వు తిరిగి రావడానికి వీలుందేమో ఆఫీసులో కనుక్కోమన్నావు కదా, ఆ సంగతి కాస్త ఆగి రాస్తాను.

మీ లెక్కలాయన వచ్చి వెళ్లాడు.

నువ్వు ఆ బ్రాంచికి వెళ్లినప్పటినుంచి ఆయన లేని ఉత్తరం లేదు. లెక్కలాయన పనుల బోర్డు మార్చేశారు, లెక్కలాయన ఫార్ములా పెట్టాక మీటింగులో ఒక్కరూ అరవలేదు... చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండిపోయేది. పొడుగ్గా, ఉంగరాల జుట్టుతో ఉంటాడని నేనే ఊహించుకుని, ఆ జుట్టు మీద కూడా ఏడ్చాను. మా జట్టుకు అదంతా నేర్పడానికి ఆయన్నే పంపుతున్నారని తెలిసి, ఆ రోజు చొక్కా ఇస్త్రీ చేసుకుని, గడ్డం నున్నగా గీసుకుని బయలుదేరాను. "ఇంటర్వ్యూ ఏమైనా ఉందేంట్రా?" అంది అమ్మ.

తీరా చూస్తే బట్టతల, నాకంటే పొట్టి. కాస్త స్థిమితపడ్డాను. ఆయన నోరు విప్పాక ఆ స్థిమితం కాస్తా పోయింది.

మా ఆసుపత్రుల అపాయింట్‌మెంట్ల సాఫ్ట్‌వేరు జట్టు సంగతి నీకు తెలుసు. వచ్చే రెండు వారాల స్ప్రింటులో ఏ పని ముందు చేయాలో తేల్చడానికి కూర్చుంటే, ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ల పనే ముందు. లెక్కలాయన తెర మీద మా పనుల బోర్డు తెరిచి, ఒక్కో పనికి ఉండే కార్డులో రెండు గడులు చూపించాడు. ఆ పని వల్ల జనానికి ఎంత మేలో ఒకదాంట్లో, చేయడానికి ఎంత శ్రమో ఇంకోదాంట్లో అంకె వేయాలి. మూడోది ఫార్ములా ఫీల్డు. అందులో మనం వేలు పెట్టనక్కర్లేదు. మేలును శ్రమతో భాగించి తనే అంకె వేసుకుంటుంది, ఆ అంకెను బట్టి కార్డులు వాటంతటవే వరసలోకి వస్తాయి. ఎవరి మాటకూ ఎదురుచెప్పకుండా ఉండలేని మా డిజైనరు కూడా "బాగుందండీ ఇది!" అన్నాడు.

నేను ఊరుకుంటానా? ఎంతైనా టెస్టర్ని, తప్పులు పట్టడమే నా కూడు. చేయెత్తాను.

"శ్రమ గడి ఖాళీగా వదిలేస్తే?"

"చెప్పండి, ఏమవుతుందంటారు?"

"ఖాళీతో భాగించలేం కదా! అంకె రాదు, కార్డు అట్టడుక్కి పోతుంది. అది రోగికి తప్పు టైము చూపించే బగ్గు అయితే? ఎవరి కంటా పడకుండా అక్కడే పడుంటుంది."

గదిలో అందరూ నావైపు తిరిగారు. లోలోపల ఈల వేసుకున్నాను.

ఆయన మొహం మాత్రం వెలిగిపోయింది. "సరిగ్గా పట్టారండీ! శ్రమ ఖాళీగా ఉంటే భాగించకుండా, ఆ కార్డుని అన్నిటికన్నా పైకి తెచ్చి 'అంచనా వెయ్యలేదు' అని చూపించమని ఫార్ములాలోనే రాశారు. ఇదిగో."

"రాశారేమిటి? రాసింది మీరు కాదా?"

"నేనా! నేను ఎలా వాడాలో చెప్తానంతేనండీ. ఫార్ములా మొత్తం మీ ఆవిడదే. ఇంట్లో చెప్పలేదా?"

ఆయన మీద కోపం అక్కడికక్కడే చల్లారింది. సంతోషించాలి కదా? లేదు. ఇంకా ఎక్కువ మండింది. మనం ఒకే రోజున పక్కపక్క బల్లల దగ్గర ఉద్యోగంలో చేరాం. ఆ అరుపుల మీటింగుల్లో నేను ఇన్నేళ్లూ గొణుక్కుంటూ కూర్చున్నాను. నువ్వు దానికో దారి కనిపెట్టావు. "మీ ఆవిడదా!" అని అందరూ వీపు తడుతుంటే పళ్లు బిగించి నవ్వాను.

ఇక ఆగి రాస్తానన్న సంగతి. ఆ సాయంత్రమే మేనేజరు పిలిచాడు. "మీ ఆవిడని ఇక్కడికి తెప్పిద్దామనుకుంటున్నాం, మీ జట్టుకి పెద్దగా. అంటే నువ్వూ ఆవిడ కిందే. ఏమంటావ్? వస్తుందా?"

"ఆవిడకి అక్కడే బాగున్నట్టుందండీ. రాదేమో," అన్నాను.

అవును, రావాలని నువ్వు నాకు రాశాక కూడా అన్నాను. ఇంటికెళ్లి, "అమ్మ ఎప్పుడొస్తుంది?" అన్న పాపతో "తెలీదమ్మా" అని కూడా అన్నాను.

మర్నాడు లెక్కలాయన వెళుతూ నా బల్ల దగ్గరికి వచ్చాడు. "ఏమీ అనుకోకండి. ఫార్ములా తనదని ఇక్కడ ఎత్తొద్దని మీ ఆవిడ మరీమరీ చెప్పారు. మీ ప్రశ్న విన్న సంబరంలో నోరు జారాను."

"ఎందుకు ఎత్తొద్దంది?"

ఆయన సంచి సర్దుకున్నాడు. "మా ఆయన చిన్నబుచ్చుకుంటాడు అన్నారు."

నేను తలెత్తలేకపోయాను. ఆ బ్రాంచిలో నీకు ఒక జట్టును అప్పగించారని తెలిసిన వారం నేను ఎలా ముభావంగా తిరిగానో నువ్వు మర్చిపోలేదన్నమాట. అందుకే నీ పనికి ఆయన ముసుగు వేసి నాకు పంపించావు. నేను ఆ ముసుగును చూసి కుళ్లుకుంటూ కూర్చున్నాను.

నేరుగా మేనేజరు గదికి వెళ్లాను. "నిన్న నేను అబద్ధం చెప్పానండీ. ఆవిడకి రావాలనే ఉంది."

"మరి అలా ఎందుకన్నావయ్యా? పొద్దున్నే పైవాళ్లకి వేరే మనిషి పేరు రాసేశాను!"

"కుళ్లు, సార్."

ఆయన నవ్వలేదు. ఫోను తీసి పైవాళ్లతో మాట్లాడాడు. ఆ పేరు వెనక్కి తీసుకోవడానికి ఒప్పుకున్నారు. "కబురు ఆఫీసు నుంచి వెళ్తుంది. నువ్వు చేసిన పని మాత్రం నువ్వే చెప్పుకో," అన్నాడు.

చెప్పేశాను. కబురు అందాక నీకేది మంచిదో అదే చెయ్యి, నా ముఖం చూసి మాత్రం తేల్చకు. నువ్వు వస్తే మొదట్లో కొన్నాళ్లు నేను ముఖం మాడ్చుకుని తిరుగుతాను. అది ఉత్తినే పోయే గుణం కాదు. తిట్టు, లేదంటే నవ్వు, నీ ఇష్టం. కానీ ఇకమీదట నీ పనిని ఇంకొకరి పేరు మీద మాత్రం నాకు రాయకు. ఏడిస్తే ఏడుస్తాను, నీదని తెలిసే ఏడుస్తాను.

ఇట్లు,
ఇంకా కాస్త కుళ్లుతూనే, నీ కోసం చూస్తున్న
నీ మొగుడు