ఆమె మూడుసార్లు చెప్పింది

చిరంజీవి చిన్నోడికి నాన్న దీవెనలు.

ముందుగా నా రాతకి ఏమీ అనుకోకు. నేను చదివింది ఊరి బడిలో ఐదో తరగతి దాకానే అని నీకు తెలుసు. ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తికమకే. తప్పులుంటే నువ్వే దిద్దుకుని చదువుకో. నేనూ మీ అమ్మా కులాసాగానే ఉన్నాం. వంతెన పని దగ్గర నువ్వూ కులాసాగా ఉన్నావనుకుంటాను. ఎండలో తలకి టోపీ పెట్టుకోమని అమ్మ రాయమంది.

నీ ఉత్తరం చేరి పదకొండు రోజులైంది. వెంటనే జవాబు రాయలేదు. ఎందుకో ఇందులోనే రాస్తాను.

నువ్వు అడిగినవి వరసగా చెప్తాను. బొటనవేలు లేస్తోందా అన్నావు. మంచం మీద పడుకుని గట్టిగా అనుకుంటే గింజంత లేస్తుంది. పాదం మాత్రం ఇంకా వేలాడుతూనే ఉంది. డాక్టరు ఇచ్చిన ప్లాస్టిక్ పట్టీ కట్టుకోకపోతే గడప తగిలి ముందుకి పడతాను. పిక్క సన్నబడింది. రెండు కాళ్ళూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి నాది, ఒకటి ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్నట్టుంది. సాయంత్రమైతే అరికాలు మంట, చీమలు పాకినట్టు జిల. గిల్లితే మాత్రం తెలియదు. ఇదేం వింతో.

నరం నెలకి అంగుళం చొప్పున పెరుగుతుందని డాక్టరు చెప్పాడు కదా. వేలితో తడితే ఎక్కడ జిల్లుమంటే అక్కడిదాకా వచ్చినట్టు. మొదట ఆ చోటు తొడ మీద ఉండేది. తర్వాత మోకాలు దిగింది. రెండు నెలలుగా పిక్క దగ్గరే ఆగిపోయింది. రోజూ పొద్దున్నే తట్టి చూసుకుంటాను. ఇక ఇంతేనేమోనని లోపల గుబులు. అదే అడిగితే డాక్టరు, "పెద్దాయనా, మొక్కని రోజూ పీకి వేరు చూస్తే పెరుగుతుందా? ఓపిక పట్టండి" అన్నాడు. నవ్వాను. ఇంటికొచ్చి మళ్ళీ తట్టి చూసుకున్నాను.

కొట్టు తెరుస్తున్నాను. కుడి కాలు ఆడక సానచక్రం ఎడమ కాలితో తొక్కుతున్నాను. పదును ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ వస్తోంది. సెలూన్ ఆయన కత్తి వెనక్కి తెచ్చి, "పెద్దాయనా, నీ కాలు కుంటితే కుంటింది, నా కత్తిని కూడా కుంటించావేంటి?" అన్నాడు. అందరూ నవ్వారు. మళ్ళీ సానపట్టి ఇచ్చాను.

ఇక నువ్వు అసలు అడిగిన సంగతి. వచ్చే నెల పన్నెండున ఆసుపత్రిలో విచారణ. "నాన్నా, మెత్తబడకు. చెప్పిందే చెప్పు. ఆ నర్సు మళ్ళీ సూది పట్టుకోకూడదు" అని రాశావు. ఆమె మీద అర్జీ నువ్వే రాసి పంపావు. నాకోసం అంత కష్టపడ్డావని అప్పుడు మురిసిపోయాను కూడా.

చెప్పిందే చెప్పమన్నావు. చిన్నోడా, నేను చెప్పింది అబద్ధం.

ఆ రోజు నడుం నొప్పికి సూది వేయించుకుందామని కొట్టులోంచి అలాగే వెళ్ళాను, పనిలో వేసుకునే మోకాళ్ళ దాకా ఉండే లాగుతోనే. ఆ అమ్మాయికి మీ అక్క కూతురంత వయసుంటుంది. "తాతా, బొందు వదులు చేసి బోర్లా పడుకోండి" అంది. ఆ గదికి తెర సగమే పడుతుంది. ఇవతల బల్ల మీద ఏడెనిమిది మంది కూర్చున్నారు. నేను బొందు గుప్పిట్లో పట్టుకుని నిలబడ్డాను. మళ్ళీ చెప్పింది. నేను లాగు కింది అంచు పైకి మడిచి, "ఇక్కడ వెయ్యమ్మా, చాలు" అన్నాను.

"అక్కడ కాదు తాతా, పైన వెయ్యాలి. బొందు వదులు చెయ్యండి, నాకు చోటు కనపడాలి. మొహమాటమైతే కాంపౌండర్ గారు మూడింటికి వస్తారు, అందాకా కూర్చోండి" అంది.

"ఇన్నేళ్ళుగా ఇలాగే వేయించుకుంటున్నాను. వేస్తావా, పొమ్మంటావా?" అని అరిచాను. నేను గొంతు పెంచడం నువ్వెప్పుడైనా విన్నావా? ఆ పిల్ల మీద పెంచాను. బయటి వాళ్ళు తిరిగి చూశారు. ఆమె మొహం చిన్నబోయింది. వేసేసింది. సూది దిగగానే మడమ దాకా మెరుపు పాకింది.

చోటు కనపడకుండా వేయడం ఆమె తప్పే. కాదనను. అది ఆమె ఒప్పుకుంది కూడా. కానీ ఆసుపత్రి వాళ్ళు మనింటికొచ్చి, "బట్ట వదులు చెయ్యమని ఆమె మీకు చెప్పిందా?" అని అడిగినప్పుడు "చెప్పలేదు" అన్నాను. నువ్వు పక్కనే కూర్చున్నావు. మీ అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. లాగు మడిచి నిలబడ్డ సంగతి మీ ముందు చెప్పుకోలేకపోయాను. ఒక్క మాటే కదా అనుకున్నాను. వాళ్ళు దాన్ని కాగితం మీద పెట్టారు. నేను కింద సంతకం చేశాను.

పదిహేను రోజుల కిందట కాలి వ్యాయామానికి ఆసుపత్రికి వెళ్ళాను. ఆ నర్సుని ఇప్పుడు దుప్పట్ల గదిలో కూర్చోబెట్టారు. నన్ను చూసి బయటికొచ్చింది. తప్పించుకుందామంటే ఈ కాలితో ఎక్కడికి పోను?

"తాతా, గొడవ పడటానికి రాలేదు. ఒక్కటి అడగాలి. ఆ రోజు బొందు వదులు చెయ్యమని నేను అన్నానా, లేదా? అన్నాననే అనుకున్నాను. ఇన్ని నెలలుగా అందరూ అనలేదు, అనలేదు అంటుంటే, అనలేదేమోనని నాకే అనిపిస్తోంది."

ఆమె చేతిలో మడత పెట్టిన దుప్పటి ఉంది. దాన్ని విప్పి మళ్ళీ మడుస్తోంది.

"నాకూ గుర్తు లేదమ్మా" అన్నాను.

"సరే తాతా" అని లోపలికి పోయింది.

మొదటిసారి సిగ్గుతో నోరు జారిందని సర్దిచెప్పుకోవచ్చు. ఇది మాత్రం ఆమె మొహంలోకి చూస్తూ ఆడాను. ఉద్యోగం సంగతి అలా ఉంచు. తను అన్న మాటని తనే నమ్మలేకుండా చేశాను. నీ ఉత్తరం అందాక నాలుగు సార్లు కలం పట్టుకున్నాను. నాలుగు సార్లూ కాలి సంగతి దాకా రాసి చింపేశాను.

నిన్న మీ అమ్మకి చెప్పాను. గిన్నెలు తుడుస్తూ విన్నది. తుడవడం ఆపలేదు. "మొలకి సిగ్గుపడి మొహానికి సిగ్గు లేకుండా చేసుకున్నారు" అంది. ఇవాళ పొద్దున మాత్రం పట్టీ తనే కట్టింది.

రేపు ఆసుపత్రికి వెళ్తాను. ఒకసారి కాదు, మూడుసార్లు చెప్పావమ్మా, నాకు బాగా గుర్తుంది అని ఆ అమ్మాయితో చెప్తాను. నోరు పెగలకపోతే ఇవ్వడానికి ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకున్నాను. దీనికి నీ మాట కోసం ఆగను. కానీ అర్జీ నీ పేరు మీద ఉంది. నర్సు చెప్పలేదన్న ముక్క తప్పని నువ్వు వాళ్ళకి రాయాలి. పన్నెండో తేదీలోగా అందాలి. విచారణలో నేనూ నా నోటితో చెప్తాను. ఆ రోజు సెలవు పెట్టి వస్తానన్నావు. రావద్దు నాయనా. నువ్వు పక్కనుంటే మళ్ళీ అబద్ధమే ఆడతానేమోనని నా భయం.

నీకు తలవంపులు తెచ్చాను. కోపం వస్తే కోపమే రాయి. పెద్ద ఉత్తరం అక్కర్లేదు, కార్డు ముక్క చాలు. తొందరగా రాయి.

ఇట్లు,
మీ నాన్న